మరుగున పడ్డ మహిళా నాటకకర్తల్ని వెతికి మళ్లీ స్టేజి ఎక్కించడం ఎలా: మొదటి పేరు నుంచి రెండో ప్రదర్శన దాకా పూర్తి గైడ్

నాటక చరిత్ర మీద ఏ పుస్తకం తెరిచినా పేర్ల వరస దాదాపు ఒకేలా ఉంటుంది, సోఫోక్లీస్‌తో మొదలై షేక్స్పియర్, మోలియేర్, ఇబ్సెన్, చెహోవ్, బ్రెహ్ట్ అంటూ పోతుంది, ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి ఒక పేరానో ఒక ఫుట్‌నోటో. అది చదివినవాళ్లు అప్పట్లో ఆడవాళ్లు రాసి ఉండరులే అనుకుంటారు. కానీ రాశారండీ. పెద్ద పెద్ద థియేటర్లలో ఆడించారు, జనం టికెట్ కొనుక్కుని చూశారు, ఆ డబ్బుల మీదే బతికినవాళ్లూ ఉన్నారు. ఒక్కటి చెప్తాను చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ స్టేజిని ఏలిన నటుడు డేవిడ్ గారిక్, ఆయన 1776 జూన్ 10న రిటైర్ అవుతూ ఆఖరి రాత్రి వేసిన వేషం హామ్లెట్టో లియరో అనుకుంటాం కదా, ఆయన వేసింది సుసానా సెంట్‌లివర్ అనే ఆవిడ 1714లో రాసిన 'ద వండర్' కామెడీలో డాన్ ఫెలిక్స్ వేషం. అంటే రాసిన అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ నాటకం అంత బాగా ఆడుతోంది, దేశంలో అందరికంటే పెద్ద నటుడు తన వీడ్కోలుకి దాన్నే ఎంచుకున్నాడు. ఇప్పుడు ఆవిడ పేరు నాటకాలు చదువుకునేవాళ్లలోనే చాలామందికి తెలీదు.

కాబట్టి ఈ పనిలోకి దిగేవాళ్లు "ఆడవాళ్లు ఎందుకు రాయలేదు" అనే ప్రశ్న పక్కన పెట్టేసి "రాసింది ఎక్కడ తెగిపోయింది" అని అడగడం మొదలుపెట్టాలి. ఆడకముందే ఆపేశారా, ఆడింది కానీ అచ్చవ్వలేదా, అచ్చయింది కానీ తర్వాతి సంకలనాల్లోకి రాలేదా, పేరే మారిపోయిందా? ఒక్కొక్కరి విషయంలో ఒక్కో చోట తెగింది, అదెక్కడో తెలిస్తేనే మళ్లీ ఎలా కలపాలో తెలుస్తుంది. మీరు థియేటర్ గ్రూప్ నడుపుతున్నా, స్టూడెంట్ అయినా, ఊరికే ఇష్టం కొద్దీ వెతికేవాళ్లయినా కింది స్టెప్స్ అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు పరిధి చిన్నగా పెట్టుకోండి

"ప్రపంచ నాటకరంగంలో స్త్రీలు" అని మొదలుపెడితే అందరికీ ఇప్పటికే తెలిసిన ఐదారు పేర్ల దగ్గరే ఆగిపోతారు. ఒక భాష, ఒక కాలం, వీలైతే ఒకే థియేటర్ తీసుకోండి, అదీ మీరు నేరుగా చదవగలిగే భాష అయితే మంచిది, ఎందుకంటే అనువాదం అయినవాళ్లంటే అప్పటికే ఎవరో ఒకరు గుర్తించినవాళ్లు. పదేళ్ల కాలం కూడా చిన్నదేం కాదు, ఒక పెద్ద థియేటర్ ఒక్క సీజన్‌లోనే పదుల నాటకాలు వేసేది.

2. పేర్ల జాబితా ఆటల రికార్డుల నుంచి తయారు చేయండి

అందరూ సాహిత్య చరిత్ర పుస్తకం నుంచి మొదలుపెడతారు, నన్నడిగితే అది వద్దు. ఆ పుస్తకాలే కదా వాళ్లని వదిలేసింది. థియేటర్‌లో ఏ రోజు ఏం ఆడిందో ఉన్న రికార్డుల నుంచి మొదలుపెట్టండి, అక్కడ అభిప్రాయాలు ఉండవు, ఏ రాత్రి ఏ నాటకం అనేది మాత్రమే ఉంటుంది. లండన్‌లో 1660 నుంచి 1800 దాకా ఏ రాత్రి ఏం ఆడారో ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫ్రీగా వెతుక్కునే డేటాబేస్ ఉంది. పారిస్ కామెడీ ఫ్రాన్సేజ్ రిజిస్టర్లు 1680 నుంచి 1793 దాకా డిజిటైజ్ చేశారు, ఏ రాత్రి ఎంత వసూలైందో కూడా అందులో ఉంటుంది. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకీ అలాంటి డేటాబేస్ ఉంది. ఇలాంటివేమీ లేని చోట పాత పేపర్లలో ప్రకటనలు, గోడ పోస్టర్లు, ప్రోగ్రాం కాగితాలు చూడాలి.

ఈ రికార్డుల్లో ఒక కిటుకు ఉంది. ఆ కాలపు లండన్‌లో రచయితకి జీతం, రాయల్టీ అంటూ ఉండేవి కావు, నాటకం మూడో రాత్రి దాకా నిలబడితే ఆ రాత్రి ఖర్చులు పోను మిగిలిన వసూళ్లు రచయితవి. కాబట్టి ఒక నాటకం పక్కన మూడో ఆట ఉందా లేదా చూస్తే చాలు ఆ రచయిత్రికి డబ్బు ముట్టిందో లేదో అర్థమైపోతుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు రచయిత్రి ఆఫ్రా బేన్ లాంటివాళ్లు దీని మీదే బతికారు, ఆవిడ మొదటి నాటకం 1670లో ఆడింది, 'ద రోవర్' 1677లో వచ్చింది, 1689లో పోయేదాకా రాస్తూనే ఉంది. అదే ఫ్రాన్సెస్ బర్నీ రాసిన ట్రాజెడీ 'ఎడ్వీ అండ్ ఎల్జైవా' 1795లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో ఒక్క రాత్రితో ఆగిపోయింది. ఈ రెండు రకాల జీవితాలూ ఒక ఎక్సెల్ షీట్‌లో తేదీల కాలమ్ చూస్తేనే తెలిసిపోతాయి.

3. దాక్కున్న పేర్లని బయటికి లాగడం

అసలు కష్టం ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చేయాల్సిన స్టెప్ కూడా ఇదే. రికార్డులో ఆడపేరు కనపడకపోతే ఆడవాళ్లు రాయలేదని కాదు అర్థం.

పేరు లేకుండా వేసినవి చాలా ఉన్నాయి. జోఆనా బైలీ 1798లో మనుషుల ఉద్వేగాల మీద రాసిన నాటకాలని పేరు లేకుండా అచ్చేసింది, 1800లో పేరు బయటపడేదాకా అంత గొప్పగా రాసింది మగవాడే అయ్యుంటాడని చాలామంది అనుకున్నారు. కొన్నిటి మీద "ఒక స్త్రీ రాసినది" అని మాత్రమే ఉంటుంది, అలాంటివి కనిపిస్తే వదలకండి. తర్వాత ఇనీషియల్స్. 1912లో లండన్ రాయల్ కోర్ట్‌లో 'రదర్‌ఫర్డ్ అండ్ సన్' అనే నాటకం సంచలనం అయినప్పుడు రచయిత పేరు కె. జి. సోవర్బీ, చూసినవాళ్లు మగవాడే అనుకున్నారు, తీరా చూస్తే గితా సోవర్బీ అనే ఆవిడ. ఇక పూర్తిగా మగపేరు పెట్టుకున్నవాళ్లు: జర్మన్‌లో ఎల్సా బెర్న్‌స్టైన్ పేరు ఎర్నస్ట్ రోస్మర్, స్వీడిష్‌లో విక్టోరియా బెనెడిక్ట్‌సన్ పేరు ఎర్నస్ట్ ఆల్గ్రెన్, జాన్ గీల్గుడ్ అనే ఇంగ్లీషు నటుణ్ణి స్టార్ చేసిన 'రిచర్డ్ ఆఫ్ బోర్డో' మీద ఉన్న గార్డన్ డేవియట్ అనే పేరు వెనక ఉన్నది ఎలిజబెత్ మకింటాష్. మైకేల్ ఫీల్డ్ అయితే ఒక్కరు కూడా కాదు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న పేరు.

పెళ్లితో మారే ఇంటిపేరు ఇంకో గొడవ. పైన చెప్పిన సెంట్‌లివర్ మొదట్లో రాసినవి కారొల్ అనే ఇంటిపేరు మీద ఉంటాయి, రెండూ ఒకరే అని తెలియకపోతే సగం లెక్కలోకి రాదు. పాత కాలం వాళ్లకి స్పెల్లింగే రకరకాలు, పదో శతాబ్దపు జర్మన్ రచయిత్రి హ్రోట్స్‌విట్‌ని రోస్విటా అనీ హ్రోస్విథా అనీ రాస్తారు. అలాగే అనువాదం, అనుసరణ అని రాసి ఉంటే తీసి పక్కన పెట్టేయొద్దు, ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్ 1798లో జర్మన్ నాటకాన్ని తీసుకుని చేసిన 'లవర్స్ వౌస్' ఎంత పాపులర్ అంటే జేన్ ఆస్టిన్ నవలలో కుర్రాళ్లు ఇంట్లో వేయబోయే నాటకం అదే, మక్కికి మక్కి అనువాదం కూడా కాదది, స్టేజికి తగ్గట్టు చాలా మార్చి రాసింది.

చేయాల్సింది ఏంటంటే ఒక్కో మనిషికి ఒక్కో పేజీ పెట్టి పుట్టింటి పేరు, పెళ్లి తర్వాతి పేర్లు, కలం పేర్లు, ఇనీషియల్స్, స్పెల్లింగ్ రకాలు, తండ్రి పేరు, భర్త పేరు, కలిసి పనిచేసిన మగవాళ్ల పేర్లు అన్నీ రాసుకోవడం, తర్వాత ప్రతి కేటలాగ్‌లోనూ ఆ పేర్లన్నీ వేసి వెతకడం. బోర్ కొట్టే పనే, కానీ దీన్ని ఎగ్గొట్టి ముందుకెళ్తే తర్వాతి స్టెప్స్‌లో ఏమీ దొరకదు.

4. పెద్ద థియేటర్ల బయట కూడా చూడండి

మఠాలు, జమీందారీ ఇళ్లు, ఉద్యమాలు, రేడియో. హ్రోట్స్‌విట్ జర్మనీలో గాండర్స్‌హైమ్ మఠంలో ఉండి లాటిన్‌లో ఆరు నాటకాలు రాసింది. బింగెన్ హిల్డెగార్డ్ 1151 ప్రాంతంలో రాసిన సంగీత నాటకంలో మంచి గుణాలన్నీ పాడతాయి, సైతాను మాత్రం పాడలేడు, అరుస్తాడంతే, ఎంత గొప్ప ఆలోచనో చూడండి. మెక్సికోలో సోర్ హువానా సన్యాసినిగా ఉండే 1683లో ఇంటి గందరగోళం మీద పూర్తి స్థాయి కామెడీ ఆడించింది. ఇంగ్లండ్‌లో ఓటు హక్కు పోరాటం టైమ్‌లో నటీమణులంతా 1908లో సొంతంగా లీగ్ పెట్టుకుని హాళ్లలో, మీటింగుల్లో చిన్న నాటకాలు వేశారు, 1909 నాటి 'హౌ ద వోట్ వజ్ వన్' అలా పుట్టిందే. ఇవి మామూలు థియేటర్ రికార్డుల్లో దొరకవు, ఆ సంస్థల కాగితాల్లో వెతకాలి. నటీమణుల జీవితాలు కూడా చూడండి, ఇంచ్‌బాల్డ్, ఇటలీ ఇసబెల్లా ఆండ్రేయినీ, అమెరికా ఆనా కోరా మోవాట్, వీళ్లంతా నటిస్తూనే రాసినవాళ్లు, మనకి మాత్రం నటులుగానో అందగత్తెలుగానో మిగిలారు.

5. స్క్రిప్ట్ వేట

పేరు దొరికింది, నాటకం పేరు దొరికింది, ఇప్పుడు నాటకం కావాలి. అచ్చయితే సగం అదృష్టం, ఆన్‌లైన్ లైబ్రరీల్లో వెతకండి, ఇంటర్నెట్ ఆర్కైవ్, హాథీ ట్రస్ట్, ఫ్రెంచ్‌కి గాలికా, స్పానిష్‌కి సెర్వాంటెస్ డిజిటల్ లైబ్రరీ చూడండి. అచ్చవ్వకపోతే దొరకదని వదిలేయకండి, ఎక్కడెక్కడ ఉంటాయో చెప్తాను.

మొదటిది సెన్సార్ ఆఫీసు. ఇదొక విచిత్రం, నాటకాలని అణచడానికి పెట్టిన చట్టమే వాటిని కాపాడింది. ఇంగ్లండ్‌లో 1737 లైసెన్సింగ్ చట్టం ప్రకారం కొత్త నాటకం ఆడాలంటే ముందు ఒక కాపీ లార్డ్ చాంబర్లెయిన్ అనే రాజదర్బారు అధికారి ఆఫీసుకి పంపాలి, 1968లో ఆ సెన్సార్‌షిప్ ఎత్తేసేదాకా అది నడిచింది. 1824 దాకా ఉన్న కాపీలు కాలిఫోర్నియా హంటింగ్టన్ లైబ్రరీలో లార్పెంట్ కలెక్షన్‌గా ఉన్నాయి, ఆ తర్వాతవి బ్రిటిష్ లైబ్రరీలో. ఎప్పుడూ అచ్చవ్వని నాటకం కూడా, స్టేజి మీద చెప్పొద్దని కొట్టేసిన లైన్లతో సహా అక్కడ దొరకొచ్చు. సెన్సార్ ఉన్న ప్రతి దేశంలోనూ ఇలాంటి ఆఫీసు ఒకటి ఉండే ఉంటుంది, దాని ఫైళ్లు ఏమయ్యాయో కనుక్కోండి.

రెండోది కాపీరైట్ డిపాజిట్లు. జోరా నీల్ హర్‌స్టన్ అందరికీ నవలా రచయిత్రిగానే తెలుసు, 1997లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కాపీరైట్ కోసం ఆవిడ ఎప్పుడో జమ చేసిన పది నాటకాల టైప్ కాపీలు బయటపడ్డాయి. దేశంలోనే పెద్ద లైబ్రరీలో అన్నేళ్లూ ఉన్నాయవి, అడిగినవాళ్లు లేరంతే.

మూడోది ఇళ్లు. ఐర్లండ్‌లో టెరెసా డీవీ వినికిడి పోయిన మనిషి, 1930 నుంచి 1936 మధ్యలో డబ్లిన్ ఆబీ థియేటర్ ఆవిడ నాటకాలు ఆరు వేసింది, తర్వాత ఆ తలుపు మూసుకుపోయింది, ఆవిడ రేడియోకి రాసుకుంది. ఆవిడ కాగితాలు వాటర్‌ఫర్డ్‌లో సొంత ఇంట్లో ఒక సూట్‌కేసులో ఉండిపోయాయి, ఇప్పుడు మేనూత్ యూనివర్సిటీలో ఉన్నాయి. బంధువులు ఉంటే మర్యాదగా ఉత్తరం రాయండి, వాళ్లకి ఆ కాగితాల విలువ తెలియకపోవచ్చు, తెలిసీ ఎవరికివ్వాలో తెలియక దాచుకుని ఉండొచ్చు, ఒరిజినల్స్ మీకిమ్మని మాత్రం అడగొద్దు, స్కాన్ చేసుకుంటామని చెప్పి ఏ ఆర్కైవ్‌కి ఇస్తే బాగుంటుందో దారి చూపించండి.

నాలుగోది ప్రముఖ మగవాళ్ల కాగితాలు. భర్త, తండ్రి, డైరెక్టర్, పబ్లిషర్, వీళ్ల కలెక్షన్లలో ఆవిడ ఉత్తరాలు, డ్రాఫ్టులు ఉంటాయి, కేటలాగ్‌లో ఆవిడ పేరు మీద ఉండవు. ఆర్కైవ్‌కి మెయిల్ రాసేటప్పుడు "మీ దగ్గర ఈవిడ రాసినవి ఏమైనా ఉన్నాయా" అని ఒక్క లైన్ రాస్తే లేవనే జవాబు వస్తుంది. పేర్లన్నీ, తేదీలు, థియేటర్ పేరు, నాటకం పేరు, ఎవరెవరితో పనిచేసిందో రాసి, కేటలాగ్ చేయని పెట్టెలు ఏమైనా ఉన్నాయా, ఫలానా ఆయన కలెక్షన్‌లో ఉత్తరాల ఫోల్డర్ చూడగలరా అని స్పష్టంగా అడగండి.

6. ఆవిడే రాసిందనడానికి రుజువు

ఆవేశం కొద్దీ "ఇది కూడా ఆవిడదే" అనేయడం చాలా తేలిక, కానీ ఒక్క తప్పు క్లెయిమ్‌తో మిగతా పనంతా ఎవరూ నమ్మరు. గట్టి రుజువు ఎలా ఉంటుందో చెప్తాను. 1902లో ఆడిన 'కాథలీన్ నీ హూలిహాన్' చాలాకాలం ఐరిష్ కవి యేట్స్ ఒక్కడి నాటకంగానే చలామణి అయింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ బెర్గ్ కలెక్షన్‌లో దాని చేతిరాత ప్రతి ఉంది, అది ఆయనతో కలిసి పనిచేసిన రచయిత్రి లేడీ గ్రెగరీ చేతిరాత, మొదటి భాగం పక్కన పెన్సిల్‌తో ఇదంతా నా ఒక్కదానిదే అని ఆవిడే రాసుకుంది. చేతిరాత, సొంత మాట, ప్రతి ఎక్కడ ఉందో తెలియడం, మూడూ కలిశాయి.

అమెరికాలో మెర్సీ ఓటిస్ వారెన్ 1775లో 'ద గ్రూప్' అనే రాజకీయ వ్యంగ్య నాటకం పేరు లేకుండా అచ్చేసింది. ముసలితనంలో ఎవరో అది వేరే ఆయనది అంటున్నారని తెలిసి పాత ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్‌కి ఉత్తరం రాసింది, ఆయన 1814లో బోస్టన్ లైబ్రరీకి వెళ్లి అక్కడున్న కాపీ మీదే ఆవిడ పేరు రాసొచ్చాడు. అప్పటి మనిషి సాక్ష్యం అంటే ఇది. ఫ్రాన్స్‌లో కత్రీన్ బెర్నార్‌కి అలాంటి సాక్షి దొరకలేదు, ఆవిడ 1690 నాటి 'బ్రూటస్' నిజంగా రాసింది ఫాంటెనెల్ అనే మగ రచయిత అన్న మాట చాలాకాలం నడిచింది. ఎవరైనా "ఆ మగాయనే రాసిపెట్టాడు" అంటే ఆ మాట మొదట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ ఆధారంతో అన్నారు అని వెనక్కి వెళ్లి చూడండి.

మీ నోట్స్‌లో ప్రతి నాటకం పక్కన మూడింట్లో ఒకటి రాయండి: ఖాయం, బహుశా, ఎవరో అన్నారు. బయటికి చెప్పేటప్పుడు కూడా ఆ మాటే చెప్పండి. "మొదటి మహిళా నాటకకర్త" అనే మాటతో మరీ జాగ్రత్త, ఎలిజబెత్ కారీ 1613లో అచ్చేసిన 'ద ట్రాజెడీ ఆఫ్ మారియం' ఇంగ్లీషులో ఒక స్త్రీ సొంతంగా రాసి అచ్చేసిన మొదటి నాటకం, కానీ హ్రోట్స్‌విట్ అంతకి ఆరు వందల ఏళ్లకి పైగా ముందే రాసింది, ఏ భాషలో, ఏ రకంగా మొదటిదో చెప్పకపోతే ఆ మాటకి అర్థం లేదు.

7. ఎక్కడ తెగిందో తేదీలతో రాసుకోండి

ఒక్కో నాటకానికి టైమ్‌లైన్ వేయండి: రాసింది, ఒప్పుకున్నది, ఆడింది, అచ్చయింది, మళ్లీ ఆడింది, సంకలనాల్లో వచ్చింది, ఆగిపోయింది. తర్వాత ఆ ఆగిన చోట ఏం జరిగిందో చూడండి.

బర్నీ 1779లో రాసిన 'ద విట్లింగ్స్' స్టేజి దాకా రానేలేదు. సాహిత్యం తెలుసని విర్రవీగే ఆడవాళ్ల మీద కామెడీ అది, పలుకుబడి ఉన్నవాళ్లు నొచ్చుకుంటారని తండ్రీ, ఆయన స్నేహితుడూ ఆపించారు. ఆవిడ నాటకాలన్నీ కలిపి అచ్చయింది 1995లో. ఇలాంటి నాటకానికి "పునరుద్ధరణ" అనే మాటే సరిపోదు, మీరు వేసేది దాదాపు కొత్త నాటకం.

అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ చైల్డ్రెస్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 'ట్రబుల్ ఇన్ మైండ్' 1955లో న్యూయార్క్‌లో చిన్న థియేటర్‌లో ఆడింది, తెల్లవాళ్లు రాసిన నాటకంలో అబద్ధపు పాత్ర వేయాల్సి వచ్చిన నల్లజాతి నటి రిహార్సల్‌లో ఎదురు తిరగడం కథ. బ్రాడ్‌వేకి తీసుకెళ్తామన్న నిర్మాతలు ముగింపు మెత్తగా, సుఖాంతంగా మార్చమన్నారు, మార్పులు చేయించి చేయించి చివరికి వాళ్లు అడిగింది ఆవిడ ఒప్పుకోలేదు. ఆ నాటకం బ్రాడ్‌వే ఎక్కింది 2021లో, అప్పటికి ఆవిడ పోయి పాతికేళ్లు దాటింది. నాటకంలో ఏ సమస్య గురించి రాసిందో అదే సమస్య నాటకానికి జరిగింది.

సోఫీ ట్రెడ్‌వెల్ 'మాషినల్' 1928లో బ్రాడ్‌వేలో 91 ఆటలు ఆడింది, మంచి పేరొచ్చింది, తర్వాత అరవై ఏళ్లు పెద్దగా ఎవరూ ముట్టుకోలేదు, 1990లో న్యూయార్క్‌లో, 1993లో లండన్ నేషనల్ థియేటర్‌లో వేశాక ఇప్పుడు సిలబస్‌లలో ఉంది. ఇక్కడ తెగింది మళ్లీ వేయడం దగ్గర. ఆఫ్రా బేన్‌ది ఇంకో రకం, బతికున్నప్పుడు బాగా ఆడిన నాటకాలే, తర్వాతి తరాలకి బూతుగా అనిపించి సంకలనాల నుంచి జారిపోయాయి, అవే బూతులు రాసిన ఆవిడ కాలపు మగవాళ్లు మాత్రం ఉన్నారు. ఆనాటి రివ్యూలు దొరికితే పూర్తిగా చదవండి, నాటకం గురించి ఎంత రాశారు, రాసినావిడ రూపం, నడత, పెళ్లి గురించి ఎంత రాశారు అని పెన్సిల్‌తో గీసుకుంటూ వెళ్తే చాలా విషయాలు తెలుస్తాయి.

8. గట్టిగా చదివించండి, ఆ తర్వాతే తీర్పు

మౌనంగా చదివి "సాహిత్యపరంగా అంత గొప్పగా లేదు" అని పక్కన పెట్టేయడం ఈ నాటకాలకి రెండోసారి జరిగే అన్యాయం. నాటకం స్టేజి కోసం రాస్తారు, కాగితం మీద సగమే కనిపిస్తుంది.

సూసన్ గ్లాస్పెల్ 1916లో రాసిన 'ట్రైఫిల్స్' తీసుకోండి. ఒకాయన నిద్రలో ఉరితో చచ్చిపోయాడు, భార్య జైల్లో ఉంది, ఆవిడ నాటకంలో అసలు కనిపించదు. అధికారులు సాక్ష్యం కోసం మేడ మీదకీ కొట్టంలోకీ తిరుగుతుంటారు, వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉండిపోతారు. ఆ భార్య కుట్టిన బొంత ముక్కలు చూస్తుంటే ఒక ముక్క వరకు కుట్లు చక్కగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా వంకరటింకరగా పోతాయి. వాళ్లలో ఒకావిడ, హేల్ గారి భార్య, మాట్లాడుతూనే ఆ వంకర కుట్లు ఊడదీసి సూది తీసుకుని మళ్లీ సరిగ్గా కుట్టడం మొదలుపెడుతుంది. చదువుతుంటే ఇది చిన్న రంగసూచన, కళ్లు జారిపోతాయి. స్టేజి మీద చూస్తే ఒక మనిషి సాక్ష్యాన్ని మన కళ్ల ముందే చెరిపేస్తోంది, పక్కావిడకి భయం, మనకి ఊపిరాడదు, మగవాళ్లకి అది చిల్లర విషయం. నాటకం మొత్తం ఆ సూదిలోనే ఉంది.

హ్రోట్స్‌విట్ 'డల్సీషియస్' కూడా అంతే, చదవడానికే రాసింది ఆడడానికి కాదు అని చాలామంది కొట్టిపారేశారు. అందులో గవర్నర్ ముగ్గురు అక్కచెల్లెళ్లని చెరపట్టాలని రాత్రిపూట వచ్చి, మతి చలించి వంటింట్లో గిన్నెలనీ పెనాలనీ కౌగలించుకుని ముద్దులు పెడుతుంటాడు, అమ్మాయిలు సందులోంచి చూస్తూ ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒళ్లంతా మసి పూసుకుని బయటికొస్తే సొంత సైనికులే దెయ్యమని పారిపోతారు. ముగ్గురు మంచి నటులతో ఒకసారి చదివించి చూడండి, వెయ్యేళ్ల నాటి జోకు ఇప్పటికీ పేలుతుంది.

ఎలా చేయాలంటే, పాత్రలకి సరిపడా మనుషుల్ని కూర్చోబెట్టండి, రంగసూచనలు చదవడానికి విడిగా ఒకరిని పెట్టండి, ఆ మనిషి బాగా చదవాలి. మొదటిసారి ఒక్క లైన్ కూడా కట్ చేయొద్దు. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ గది నిశ్శబ్దమైంది, ఎక్కడ జనం ఫోన్లు చూశారు, ఎవరో ఒకరు మార్జిన్‌లో రాస్తూ ఉండాలి. రెండోసారికి కట్స్ ఆలోచించండి, అది కూడా మీకు నచ్చనివి కాదు, ఆనాటి ప్రేక్షకులకి మాత్రమే తెలిసిన ప్రస్తావనలు ముందు. ఆవిడ రాసిన ముగింపు మాత్రం మార్చకండి, చైల్డ్రెస్‌ని అడిగిన పనే మళ్లీ చేసినట్టవుతుంది.

ఇంకోటి, ఆవిడ మన కాలపు అభిప్రాయాలతో ఉంటుందని ఆశించొద్దు. బేన్ కరడుగట్టిన రాచరికవాది. అవి దాచిపెట్టి మెరుగుపెట్టిన బొమ్మ చూపిస్తే చదివే రెండో మనిషి పట్టుకుంటాడు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే ఆవిడ నిజమైన రచయితగా నిలబడుతుంది.

9. హక్కుల సంగతి

యూరప్‌లో ఎక్కువ దేశాల్లో, బ్రిటన్‌లో రచయిత పోయాక 70 ఏళ్లు, ఇండియాలో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అమెరికాలో పాత అచ్చు పుస్తకాలకి అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్క. గ్లాస్పెల్ 1948లో పోయింది కాబట్టి ఇబ్బంది లేదు, సోవర్బీ 1970 దాకా బతికింది, అందుకని బ్రిటన్‌లో ఆవిడ నాటకానికి ఇంకా పర్మిషన్ కావాలి. చాలామంది మర్చిపోయేది అనువాదం హక్కు, హ్రోట్స్‌విట్ లాటిన్ అందరిదీ, నిన్న మొన్న చేసిన ఇంగ్లీషు అనువాదం అనువాదకులది. ఎప్పుడూ అచ్చవ్వని చేతిరాత ప్రతులకి రూల్స్ వేరే, ఆర్కైవ్ వాళ్లనే రాతపూర్వకంగా అడగండి.

10. జనం ముందుకి, ఒక్కసారి కాదు రెండోసారి కూడా

మొదటి ప్రదర్శనకి పేపర్లలో "మరుగునపడ్డ ఆణిముత్యం" అని రాస్తారు, అక్కడితో అయిపోతే మళ్లీ మరుగునే. రెండో ప్రదర్శన వేరే గ్రూప్ వేసినప్పుడే నాటకం నిజంగా తిరిగొచ్చినట్టు. దానికోసం మొదటిరోజు నుంచే ఏర్పాట్లు చేయాలి: మీరు వాడిన స్క్రిప్ట్ శుభ్రంగా టైప్ చేసి, హక్కులు వీలైతే ఆన్‌లైన్‌లో పెట్టండి, పాత్రలెన్ని, ఎంతసేపు, సెట్ ఏంటి, ఎక్కడ కట్ చేశారు అన్నీ ఒక పేజీలో రాసి దానికి జోడించండి, ఎందుకంటే ఏ డైరెక్టరైనా ముందు అడిగేది అదే. వికీపీడియాలో వ్యాసం లేకపోతే ఆధారాలతో రాయండి, ఉంటే పేర్ల రకాలన్నీ చేర్చండి, రేపు ఎవరైనా కలం పేరుతో వెతికినా ఆవిడే దొరకాలి. టీచర్లకి నాటకం మొత్తం ఇవ్వకుండా ఒక సీన్ ఇవ్వండి, క్లాసులో వాడుకోవడం సులువు. న్యూయార్క్‌లో మింట్ థియేటర్ డీవీ విషయంలో చేసింది చూడండి, 2010లో ఒకటి, 2011లో ఒకటి, 2013లో ఒకటి వరసగా వేసింది, నాటకాలు అచ్చేసింది కూడా, అందుకే డీవీ పేరు ఒక్క సీజన్ వార్తగా పోలేదు.

ప్రచారంలో "మొదటి", "ఏకైక", "లేడీ షేక్స్పియర్" లాంటివి వాడకండి. నాటకం ఏం చేస్తుందో చెప్పండి. "వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒక హత్య కేసు తేల్చేస్తారు" అంటే టికెట్ కొంటారు.

ఇప్పుడే మొదలుపెట్టాలనుకుంటే వెతుకులాటకి ముందు చేయి తిరగడానికి ఈ వరస మంచిది: 'ట్రైఫిల్స్' ఏకాంకిక, ఐదుగురు నటులు, అరగంటలో చదివేయొచ్చు. తర్వాత 'డల్సీషియస్', అదీ చిన్నదే. ఆ తర్వాత 'ద రోవర్', ఇది పెద్దది, పాత్రలు చాలా, ఒక్కొక్కరు రెండు మూడు వేషాలు చదవాల్సి వస్తుంది. నాలుగోది మీ సొంత జాబితాలోంచి తీయండి, వీలైతే ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా చదవనిది.